మావ రంగు వేసిన లోకల్ పెట్టె

ఈ సంగతి కాగితం మీద పెట్టవలసిన అవసరం నాకు పోయిన నెలలోనే కలిగింది. నలభై ఎనిమిదేళ్లుగా నేను సభ్యుణ్ణిగా ఉన్న లైబ్రరీలో పుస్తకాల బీరువాలు చూసే బెంగాలీ దీదీ, నేను పోగుచేసిన బొమ్మ లోకల్ రైలును వారం రోజులపాటు చదువుల గదిలో గోడవార బల్లలు వేయించి ప్రదర్శనకు పెట్టింది. ప్రతి పెట్టె ముందూ నిలబెట్టడానికి అరచేయి పాటి అట్టముక్కలు నా చేతికిచ్చి, అది ఏ పెట్టె, ఎవరు చేసింది, ఎవరింట్లో దొరికింది, ఏ రంగు అనే నాలుగు విషయాలు పొట్టిగా రాసి తెమ్మంది. పదమూడింటికి ఒక్క పూటలో రాసేశాను. పద్నాలుగోది వెండార్ పెట్టె, అంటే కూరలవాళ్లూ చేపలవాళ్లూ పూలవాళ్లూ గంపలతో సహా ఎక్కే పెట్టె. దాని రంగు దగ్గరకు వచ్చేసరికి నా కలం నిలిచిపోయింది. చివరకు ఆ ఒక్క గడి ఖాళీగానే వదిలి ఇచ్చాను. చూడవచ్చిన పెద్దమనిషి ఒకాయన, మిగతా లోకల్ పెట్టెలన్నీ ఒకే ఎరుపులో ఉంటే ఇదొక్కటీ ఎందుకు తేడాగా ఉంది, రంగు చాలలేదా అని మర్యాదగానే అడిగాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆ అట్టముక్కను సరిగా నిలబెడుతున్నట్టు నటించాను. ఆ రంగు సంగతి తెలిసినవాళ్లం ఇప్పుడు ముగ్గురమే ఉన్నాం. అందులో అందరికన్నా చిన్నది మా ఆవిడ, ఆమెకూ అరవై దాటాయి. మేమూ చెప్పలేని రోజు వస్తే అది తప్పు రంగు వేసిన పెట్టెగానే మిగిలిపోతుంది. ఆ రంగు తప్పు కాదు, తప్పు చేసినవాణ్ణి నేను. అందుకని రాస్తున్నాను.

నన్ను గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చి, రైల్వేలో చిన్న పని చేసి, నాకు పదిహేనేళ్లప్పుడు పోయాడు. అప్పటికే రైల్వే కార్ఖానాలో పెయింటు షాపుకు, అంటే రంగుల విభాగానికి, మేస్త్రీ అయిన నా మేనమామ, అమ్మనూ నన్నూ రైల్వే కాలనీల్లో ఒకటైన ట్రాఫిక్‌లోని తన క్వార్టర్‌కు తీసుకుపోయి, నా పదో తరగతి పూర్తి చేయించి, ఖలాసీగా చేర్పించి, ఇంకొన్నేళ్లకు తన కూతుర్నే ఇచ్చి పెళ్లి చేశాడు. అంచేత ఆయన నాకు రెండు విధాల మావ. ఆయనకు చదువు రాదు, అంకెలూ సంతకమూ మాత్రం వచ్చు. నాకేమో పుస్తకాల పిచ్చి. డ్యూటీ అయ్యాక తోటివాళ్లు గోల్ బజారుకో సినిమాకో పోతుంటే నేను చేతుల నూనె కడుక్కుని లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడ తెలుగు బీరువా ఒక్కటే, అది మూడేళ్లలో అయిపోయింది. ఆ తరువాత నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకాల్లో ఎవరూ తియ్యని కింది అరలోని రైలు పుస్తకాలు మొదలుపెట్టాను. ఒక్క పేజీకి ఒక్క సాయంత్రం పట్టిన రోజులున్నాయి. పెట్టెల కింద స్ప్రింగులు ఎందుకు రేకు మీద రేకు పేర్చినట్టు ఉంటాయో, మలుపు దగ్గర పట్టా ఒక పక్కకు ఎందుకు ఎత్తుగా ఉంటుందో నేను పనిచేసే చోట ఎవరూ చెప్పలేదు, ఆ కింది అర చెప్పింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను. నన్ను బోర్లా పడేసింది కూడా ఆ గర్వమే కనుక ముందుగా ఒప్పుకోవడం మంచిది.

బొమ్మ బళ్ల సంగతి నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. విశ్వకర్మ పూజ రోజున కార్ఖానా లోపలికి మా ఇంటివాళ్లను రానిచ్చేవారు. ఆకాశం నిండా గాలిపటాలు, లోపల మిషన్లకు బంతిపూల దండలు, పెద్ద పెద్ద గిన్నెల్లో ఉడుకుతున్న ఖిచిడీ వాసన. ఆడవాళ్లకు తమ మగవాళ్లు ఏడాది పొడుగునా ఏ మిషను ముందు నిలబడతారో కనిపించేది ఆ ఒక్క రోజే. పూజ దగ్గర పెట్టడానికి షాపుకొకటి చొప్పున బొమ్మ పెట్టె చేసేవాళ్లు. వడ్రంగులు మిగిలిన టేకు ముక్కలతో పెట్టె కడితే, రేకు పనివాళ్లు పైకప్పు వంచితే, మావ షాపువాళ్లు అన్నిటికీ రంగు వేసేవాళ్లు. ఆ ఏడు తమ చేతుల మీదుగా ఏ పెట్టె బాగై బయటకు పోయిందో దాని బొమ్మే చెయ్యాలని ఒక పట్టుదల ఉండేది. మా దగ్గరకు హౌరా లోకళ్లు ఎక్కువగా వచ్చేవి కనుక బొమ్మలూ ఎక్కువగా అవే. పూజ అయ్యాక చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వాళ్లు ఆ బొమ్మను భుజాన పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. ఇంట్లో నాలుగు రోజులు పిల్లలు లాగి ఆడుకున్నాక అది బీరువా మీదకు ఎక్కేది. తరువాత దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

రిటైరై పూరీ గేట్ దగ్గర చిన్న ఇల్లు కట్టుకుని వచ్చిన ఏడాది, నింపురాలో నాకు వరసకు అత్త అయ్యే ఒకావిడ ఇంట్లో దారపు కండెలు దాచుకునే పెట్టెను చూశాను. మూత ఎత్తితే కిటికీలు, కింద ఇరుసులు ఊడిన గుర్తులు కనిపించాయి. ఇది లోకల్ బండి మోటారు పెట్టె కదత్తా అంటే, ఏ పెట్టయితే ఏటి, దారాలు బాగా పడతాయి అంది. మర్నాడు మూత గట్టిగా పడే బిస్కెట్ల డబ్బా ఒకటి ఆవిడకు ఇచ్చి, దాన్ని నా సైకిలు బుట్టలో వేసుకుని వచ్చాను. అది మొదలు. మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్, ట్రాఫిక్, ఎక్కడ పాత కార్ఖానావాళ్ల ఇళ్లున్నాయో అక్కడికల్లా ఏడేళ్లు తిరిగాను. ఒకరింట్లో లేడీస్ పెట్టె ఉప్పు పోసుకునే డబ్బా అయింది, ఇంకొకరింట్లో దేవుడి అర కింద అగరొత్తులకు పనికొచ్చింది. ఒకచోట పెట్టె చెదలు తిని చక్రాలు మాత్రం మిగిలితే, ఆ ఇంటాయన వాటినే గుడ్డలో మూటకట్టి నా చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. అలా ఒక బొగ్గు ఇంజను, దాని వెనక నాలుగు పాత చెక్క పెట్టెలు, ఆ తరువాతి కాలపు కరెంటు లోకల్‌కు ఎనిమిది పెట్టెలు జమ అయ్యాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది మా వీధిలోనే ఉండే రిటైరైన గార్డు దాదా కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆ లోకళ్ల వెనక ముప్ఫై ఏళ్లు పచ్చజెండా పట్టుకుని తిరిగిన మనిషి.

ముందు గదిలో మూడు గోడల వెంబడి నడుము ఎత్తున చెక్క బల్ల వేసి పట్టాలు పరిచాను. గుమ్మం పక్కన ఖరగ్‌పూర్, తరువాత జకపూర్, మాద్‌పూర్, బాలీచక్, పాన్స్‌కూడా, మేచేదా, కిటికీ కింద కోలాఘాట్ వంతెన, వంటింటి తలుపు దగ్గర హౌరా. పాత టేపురికార్డరు మోటారు ఒకటి బండిని మెల్లగా లాగుతుంది. అసలు కష్టం చక్రాలతో వచ్చింది. ఏ వడ్రంగి కంటి కొలత వాడిది కనుక, ఏ రెండు పెట్టెల చక్రాల ఎడమూ ఒక్కలా ఉండదు. ఒకే పట్టా మీద అన్నీ నడవాలంటే ఒక్కొక్క ఇరుసూ విప్పి సరిచెయ్యాలి. ఆ పనిలో నేను నేల మీద కూర్చుని ఉంటే మా ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి, "హౌరా కింద దుమ్ము తుడవాలంటే నాను టిక్కెట్టు తియ్యాలేటి బావా," అనేది.

ఇంక కావలసింది వెండార్ పెట్టె ఒక్కటే. అది మావ దగ్గర ఉంది. మావ ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. మిగతా బొమ్మలకు షాపులోని వేరే మేస్త్రీలు రంగు వేస్తే, దీనికి ఆయనే తన చేత్తో కలిపి వేశాడు. దాన్ని చేసిన ఏడు పూజ చీటీల్లో ఆయన పేరే వచ్చింది, షాపువాళ్లు అన్ని చీటీల మీదా ఆయన పేరే రాసి వేశారని ఆయనకు రిటైరయ్యాక గానీ తెలియలేదు. ఆ బొమ్మను పిల్లలకు కూడా ఇవ్వకుండా ట్రంకు పెట్టెలో పాత లుంగీలో చుట్టి ఉంచుకున్నాడు. అడగడానికి నేను జంకుతూ ఉండగానే ఒకరోజు ఆయనే దాన్ని చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయనకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటి నరం కూడా ఎండిపోతోందని, ఆపరేషనుతో లాభం లేదని, ఇంక కొద్ది నెలలు కనబడితే కనబడినట్టని డాక్టరు ఆ వారమే చెప్పాడు. మావ ఆ మాట మాకు వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పి, పెట్టెను బల్ల మీద పెట్టి, "నా సూపు ఉండగానే మొత్తం బండి ఓపాలి నడవనీ. సక్రాలు సూసుకో, మిగతాది ముట్టుకోకు," అన్నాడు.

ఆ మర్నాడు ఆయన పలాసలో బంధువుల పెళ్లికి వెళ్లి పది రోజులు ఉండిపోయాడు. చక్రాల పని నాకు రెండు రోజుల్లో అయిపోయింది. పెట్టెను మిగతా లోకల్ మధ్య నిలబెట్టి చూస్తే నాకు ఏదో కొట్టొచ్చినట్టు కనిపించింది. ముందూ వెనకా అన్నీ ముదురు ఎరుపు, ఇదొక్కటి అటూ ఇటూ కాని ఎరుపు, పైగా రెండు చోట్ల పెచ్చు లేచింది. ఆ సాయంత్రమే లైబ్రరీకి పోయి, కింది అరలోంచి పెట్టెల రంగులను గురించిన లావు పుస్తకం తీయించాను. అందులో లోకల్ పెట్టెలన్నిటికీ ఒకటే రంగు అని, ఆ రంగు ఎలా ఉండాలో చిన్న చదరంగా అచ్చువేసి కూడా ఉంది. ఆ చదరం పక్కన నా వేలు పెట్టినప్పుడు కలిగిన ఆనందం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎండకు వెలిసిపోయి మావ బొమ్మ రంగు మారింది, నేను దాన్ని అసలు రంగుకు తెస్తున్నాను అనుకున్నాను. గోల్ బజారులో ఆ చదరానికి సరిపోయే డబ్బా వెతికి తెచ్చి, రెండు పూతలు వేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, నాన్న ముట్టుకోవద్దన్నాడు కదా అంది. మీ నాన్న చూసి సంతోషిస్తాడులే అన్నాను.

మావ ఊరి నుంచి వచ్చిన రోజు పొద్దున్నే కిటికీలన్నీ తెరిచి, ఆయన కుర్చీ కోలాఘాట్ వంతెన ఎదురుగా వేసి, బండిని వదిలాను. ఎనిమిది పెట్టెలూ, మధ్యలో తొమ్మిదోదీ, చక్కగా నడిచి వచ్చాయి. మావ ముందుకు వంగి ఒక్కొక్క పెట్టెనూ చూస్తూ, వెండార్ పెట్టె వచ్చి దాటిపోయినా ఇంకా దాని కోసమే వెనక వెతుకుతున్నాడు. అది దాటిపోయిందని నేను చెబితే ఆపమన్నాడు. పెట్టెను చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గరకు పోయి, మంచి కంటికి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదెవరిది?" అన్నాడు.

"నీదే మావా. బుక్కులో ఉన్న రంగే ఏసినాను, అచ్చం అదే."

"నాది కాదు," అని దాన్ని మెల్లగా కిటికీలో పెట్టి, చెప్పులు తొడుక్కుని, మా ఆవిడ తెచ్చిన టీ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చల్లారిన టీ గ్లాసు ఎదురుగా పెట్టుకుని, నాకు తెలిసీ తెలియని సంగతి ఒకటి చెప్పింది. ఆమె చిన్నప్పుడు మావ ఆదివారం పూట ఆమెను గేటు దగ్గరకు తీసుకుపోయి, లోకల్ వస్తుంటే దూరం నుంచే ఫలానా పెట్టె నాది అని చూపించేవాడు. ఆ ఇంట్లోనే పెరిగిన నేనూ ఆ మాట చాలాసార్లు విన్నాను. ఆయన నంబరు చూసి చెబుతున్నాడనుకున్నాను. "నంబరు కనబడే దూరమేటి అది? రంగు సూసి సెప్పీవోడు," అంది. ఆ కాలంలో రంగులు కంటితోనే కలిపేవారట. డబ్బాలో వచ్చిన రంగు ఒకటే అయినా, నూనె ఎంత పోశాడు, చివర ఏది చిటికెడు వేశాడు అన్నదాన్ని బట్టి ఒక్కొక్క మేస్త్రీ ఎరుపు ఒక్కొక్క తీరు. మావ తన ఎరుపులో కొంచెం పసుపు కలిపేవాడు. దానికీ ఒక కారణం ఉంది. మన ఊరి మట్టి ఎరుపు, యార్డులో నాలుగు రోజులు నిలిస్తే చాలు, ముదురు ఎరుపు పెట్టె మీద ఆ దుమ్ము తేలి కనబడుతుంది. పసుపు పడితే మట్టీ పెట్టె ఒక్కలా ఉంటాయి, కూరలామె చీరకు అంటినా కనబడదు. పై అధికారి ఒకాయన చూసి నవ్వి, పోనీ ఉండనీ అన్నాడట. ఆ పెట్టెలన్నీ ఎప్పుడో తుక్కు కింద పోయాయి. ఆ చేతి రంగు ఈ లోకంలో మిగిలింది ఆ బొమ్మ మీదే. "బుక్కు ఏనాడైనా బ్రష్షు పట్టిందేటి బావా," అని మాత్రం చివర అంది.

తరువాతి మూడు వారాలూ నాకు అదే పని. డబ్బాలు తెచ్చి ఎరుపులో పసుపు కలిపి, చెక్క ముక్కల మీద పూసి, ఆరబెట్టి, మావ దగ్గరకు పట్టుకుపోయేవాణ్ణి. ఆయన నన్ను చిన్నప్పటి నుంచి ఎగతాళి చెయ్యని రోజు లేదు. అలాంటి మనిషి చెక్క ముక్కను చూసి, బాగానే ఉంది, కష్టపడ్డావు, ఉంచుకో అనేవాడు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలేది. అంతకన్నా భయం వేసింది ఇంకొకందుకు. మొదటి వారం చేతి దూరంలో పెట్టుకుని చూసిన చెక్కను మూడో వారం ముక్కుకు ఆనించుకుని చూశాడు. ఒకసారి నేను ఇచ్చిన చెక్క కింద పడితే, ఆయన చెయ్యి దానికి జానెడు ఇవతల నేలను తడిమింది. ఆయన అడిగింది ఒక్కటే, చూపు ఉండగా తన పెట్టెను మొత్తం బండిలో చూడాలని. అది జరక్కుండా చేసినవాణ్ణి నేనే.

మళ్లీ లైబ్రరీకే పోయాను. ఇంకెక్కడికి పోవాలో నాకు తెలియదు. దీదీ నా మొహం చూసి, అడగకుండానే నిచ్చెన వేసుకుని పై అరల్లో కూడా వెతికింది. మావ రంగు ఏ పుస్తకంలోనూ లేదు, ఉండదు కూడా. చివరకు ఆ లావు పుస్తకాన్నే మళ్లీ తెరిచి, మొదటిసారి తొందరలో నేను దాటేసిన పేజీలను కూర్చుని చదివాను. కొత్త పూత వేసేముందు పాత పూతను తడి గరుకు కాగితంతో బాగా రుద్దాలి, లేకపోతే కొత్తది పట్టుకోదు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ పాటి పని కూడా నేను చెయ్యలేదు. పెయింటు మేస్త్రీ అన్నం తిని పెరిగినవాణ్ణి, పెచ్చుల మీద అలాగే పూసేశాను. పుస్తకం మూసి, ఈ తప్పు కూడా చెప్పేసి రావాలని నేరుగా మావ ఇంటికి పోయాను. ఆయన మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు.

"మావా, ఇంకో తప్పు కూడా సేసినాను. పాత రంగు రుద్దకుండానే ఏసేసినాను."

ఆయన గోడవైపు నుంచి తల ఇటు తిప్పాడు. "రుద్దలేదా?" అన్నాడు.

"లేదు."

"వాటర్ పేపరే పట్టలేదా?"

"లేదు మావా."

మావ లేచి కూర్చున్నాడు. నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు. "ఓరి ఎర్రోడా, నువ్వు మంచి పెయింటరువైతే నాది పోయుండును. నీ కింద అది అలాగే ఉంటాది. నడు," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి పదకొండు రోజులు, పొద్దున ఎండ మా అరుగు మీద పడే వేళకు మావ వచ్చేవాడు. వాటర్ పేపరు అంటే నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం. సబ్బు నీళ్లలో దాన్ని ముంచి, చెక్కముక్కకు చుట్టి, రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా రుద్దమన్నాడు. రుద్దేది నేను, చూసేది ఆయన బొటనవేలు. కంటికి అందని సంగతి ఆ వేలికి అందేది. నా పూత అంచు ఎక్కడ పలచబడిందో తడిమి చెప్పేవాడు. ఆగు అంటే ఆగాలి, తుడువు అంటే తుడవాలి. మూడో రోజున నా ముదురు ఎరుపు చుట్టూ అంచులా వెనక్కు జరిగి, మధ్యలో వానకు తడిసిన మన మట్టి లాంటి ఎరుపు ఒకటి బయటపడింది. అది వెలిసిన రంగు కాదు. వేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది, నేనే వెలిసిందనుకున్నాను. ఒక మూల నేను ఆత్రపడి, ఆ రంగును కూడా దాటి, కింద చెక్కకు పట్టించిన లప్పాన్నీ దాటి చెక్క తేల్చేశాను. మావ వేలు ఆ గుంట దగ్గర ఆగింది. "ఇక్కడ హౌరా దాటేసినావురా," అన్నాడు. నేను మళ్లీ ఎగతాళికి పనికొచ్చేవాణ్ణి అయ్యాను. ఆ రోజు నేను ఎంత తేలికపడ్డానో ఆయనకు చెప్పలేదు.

ఒక పక్క పూర్తిగా తేలేసరికి పదకొండో రోజు. రెండో పక్క మొదలుపెడదామని కాగితం తడుపుతుంటే మావ వద్దన్నాడు. పెట్టెను రెండు చేతుల మీద పెట్టుకుని, అరుగు దిగి, నిండు ఎండలోకి పోయి నిలబడ్డాడు. మంచి కంటి దగ్గర పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా జరుపుకుంటూ చూశాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాదే," అన్నాడు. ఆ తరువాత, "ఆ రెండో పక్క నీ బుక్కుది, ఉండనీ. గోడకి తిప్పీ," అన్నాడు.

ఆ పూటే బండిని నడిపాం. ఆయన చెప్పినట్టే పుస్తకం పక్క గోడవైపు, మావ పక్క మావవైపు. ఖరగ్‌పూర్ నుంచి హౌరా, హౌరా నుంచి ఖరగ్‌పూర్, నాలుగుసార్లు నడిపించుకున్నాడు. ప్రతిసారీ వెండార్ పెట్టె ఎదురుగా వచ్చేసరికి ఎవరికీ చెప్పకుండా తలూపేవాడు. చలికాలం సగంలో ఆయన చూపు పూర్తిగా పోయింది. కానీ అప్పటికి చూసేశాడు. నా జీవితంలో నేను నిలబెట్టుకున్న మాటలు ఎన్ని ఉన్నాయో గానీ, ఇంక నిలబెట్టుకోలేననుకున్నాక చివరకు దక్కింది ఇదొక్కటే.

ఇంతదాకా వరసలతోనే రాశాను. కృతజ్ఞత మాత్రం పేరు లేకుండా చేరదు. దారపు కండెలు బిస్కెట్ల డబ్బాలోకి మార్చుకుని మొదటి పెట్టె ఇచ్చిన నింపురా సన్యాసమ్మత్తకు, చక్రాలు మూటకట్టి ఇచ్చిన సూర్యనారాయణగారికి, బండిలో ఏ పెట్టె ఎక్కడుండాలో తప్పు లేకుండా చెప్పిన గార్డు నిమాయ్ దాదాకు, నిచ్చెన ఎక్కి నా కోసం పై అరలు వెతికిన లైబ్రరీ మాలతీ దీదీకి నా నమస్కారాలు. మాలతీ దీదీకి ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ లావు పుస్తకం మీద నాకు కోపం లేదు. సగం చదివితే అది నన్ను చెడగొట్టింది, మిగతా సగం చదివితే అదే నన్ను మావ గుమ్మం దాకా నడిపించింది. తండ్రి మాట ఒకసారి, భర్త పరువు ఒకసారి కాపాడుతూ మధ్యలో చీపురు వదలని నా భార్య రమణమ్మకు, తన అన్నం పెట్టి, తన చేతి రంగు నా చేత తుడిపించుకుని, దాన్ని నా చేతే మళ్లీ తేల్పించుకున్న నా మావ అప్పలస్వామికి ఈ నాలుగు పేజీలూ.

మావ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. మధ్యాహ్నాలు మేమిద్దరం అరుగు మీద కూర్చుంటే ఇళ్ల సందులోంచి లైను కనిపిస్తుంది. కొత్త లోకళ్లు బాగుంటాయి, వేగంగా పోతాయి, శుభ్రంగా ఉంటాయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా మచ్చ లేని ఒకటే రంగు. వాటిని చూసి ఇది ఫలానావాడి చెయ్యి అనేవాళ్లు ఇంక ఉండరు. చప్పుడు వినగానే మావ ఏ రంగురా అంటాడు. ఒకప్పుడైతే పుస్తకంలోని పేరు ఠక్కున చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ పేరు చెబితే ఆయనకు ఏమీ కనబడదని తెలిసింది. అందుకని బండి దాటిపోయేలోగా కళ్లు చికిలించి, దేనికన్నా ముదురో, దేనికన్నా లేతో, ఎండ పడినచోట ఏమవుతోందో, నీడలో ఏమవుతోందో, ఒక్కొక్కటే వెతుక్కుని చెబుతాను. మావ విని, లోపల ఎక్కడో కలుపుకుని చూసి, నలుపు ఎక్కువ పోసినారు అంటాడు. ఎవరు పోశారో మా ఇద్దరికీ తెలియదు.